రెక్కల గేదె ఊళ్ళో ఒక పూట

నయాగరా చూపిస్తానని అమ్మాయి మమ్మల్ని న్యూజెర్సీ నుంచి పొద్దున్నే కారెక్కించింది. ఆరేడు గంటల ప్రయాణం. మధ్యాహ్నం ఎక్కడ ఆగుతామని మా ఆయన అడిగితే "బఫెలోలో నాన్నా" అంది. "గేదెలోనా?" అన్నారాయన. వెనక సీట్లో మా మనవడు పడీ పడీ నవ్వాడు.

నిజానికి మా కార్లో ఆ జంతువుకి ఒక్క పేరు లేదు. నేను పుట్టింది గుడివాడ దగ్గర పల్లెలో, మాకది గేదె. అల్లుడిది కరీంనగర్, వాళ్ళింట్లో బర్రె. మా ఆయన చిన్నతనమంతా అనంతపురం వైపు, ఆయనకి ఎనుము. పెళ్ళైన కొత్తలో "ఎనుము పాలు" అంటే నాకు చప్పున అర్థమయ్యేది కాదు. మనవడు అమెరికాలోనే పుట్టినవాడు, వాడికి ఏదైనా బఫెలోనే.

"అమ్మమ్మా, ఒకటి చెప్తా, కరెక్టో కాదో చెప్పు" అన్నాడు వాడు. ఊపిరి పీల్చుకుని, వేళ్ళు మడుస్తూ, "బఫెలో బఫెలో బఫెలో బఫెలో బఫెలో బఫెలో బఫెలో బఫెలో" అన్నాడు. ఎనిమిది. నత్తి వచ్చిందేమో అనుకున్నాను. కాదట, అది తప్పు లేని ఇంగ్లీషు వాక్యమట!

పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు టిష్యూ కాగితం మీద రాసి చూపించాడు. బఫెలో అంటే ఊరు. బఫెలో అంటే జంతువు. ఒకటైనా అదే మాట, మందైనా అదే మాట. మూడోది నాకు తెలియదు. అమెరికా ఇంగ్లీషులో బఫెలో క్రియ కూడానట, దబాయించి, తికమక పెట్టి లొంగదీసుకోవడం. ఆ ఎనిమిదింటిలో మూడు ఊళ్ళు, మూడు జంతువులు, రెండు దబాయింపులు. తెలుగులో పెడితే ఇలా వస్తుంది: బఫెలో ఊరి దున్నలు దబాయించే బఫెలో ఊరి దున్నలు, తాము కూడా బఫెలో ఊరి దున్నలనే దబాయిస్తాయి. ఆ ఊరి యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పిన విలియం రాపపోర్ట్ అనే ఆయన 1972లో, ఇంకా చదువుకునే రోజుల్లోనే, ఇలాంటి వాక్యం అల్లాడట. చదువుకునేవాళ్ళకి తీరిక ఎక్కువ.

నేను మెచ్చుకున్నాను గానీ లోపల చిన్న అనుమానం ఉండిపోయింది. గేదె ఎవర్ని దబాయించింది? మా ఇంట్లో నాలుగు ఉండేవి. గిన్నె తపేలా చప్పుడైతే చెవులు రిక్కించడం, చెరువులోంచి సాయంత్రం దాకా లేవకపోవడం, అంతే వాటి దౌర్జన్యం. మనం దాన్ని తిట్టేది కూడా వాన కురిసినా కదలదనే కదా!

బఫెలో చేరేసరికి ఒంటిగంట దాటింది. ఈరీ సరస్సు గాలి మొహాన కొట్టింది. జూలై కాబట్టి సరిపోయింది, చలికాలంలో ఇదే సరస్సు మీంచి వచ్చే గాలి ఈ ఊరిని మంచులో పూడ్చేస్తుందట. ఊరి పేరుకి మూలం ఇక్కడి బఫెలో క్రీక్ అనే వాగు. ఆ వాగుకి ఆ పేరెందుకు వచ్చిందన్న దాని మీద మాత్రం తలా ఒక కథ చెబుతారు. అందమైన నది అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాట 'బో ఫ్లవ్' నలిగి బఫెలో అయిందనేది అందులో ఒకటి. వినడానికి బాగుంది. బాగుండేలా ఎవరో తర్వాత కల్పించినట్టే ఉంది.

నది ఒడ్డున వరసగా పెద్ద పెద్ద కాంక్రీటు గొట్టాలు నిలబడి ఉన్నాయి. ఏమిటవి అంటే "గ్రెయిన్ ఎలివేటర్లు అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు. ఎలివేటర్ అంటే లిఫ్ట్ కదా? 1825లో ఈరీ కాలువ పూర్తయ్యాక పడమటి గోధుమలన్నీ ఓడల్లో ఇక్కడికి వచ్చి, కాలువ పడవల్లోకి మారి తూర్పుకి పోయేవి. మొదట్లో కూలీలు బస్తాలు మోసేవాళ్ళు. 1840ల మొదట్లో జోసెఫ్ డార్ట్ అనే వ్యాపారి ఆవిరి యంత్రంతో, గొలుసుకి కట్టిన బకెట్లతో, ఓడలోంచి గింజల్ని పైకి తోడే ఏర్పాటు చేశాడు. గింజల్ని పైకెత్తుతుంది కాబట్టి ఎలివేటర్. చివరికి ఆ గోదాము మొత్తానికీ అదే పేరు స్థిరపడింది. మన మాటలో గాదె. "బాగుంది, ఊళ్ళో గేదెలు లేవు గానీ గాదెలున్నాయి" అన్నారు మా ఆయన. కారు దిగాక ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

గేదె లేని గేదె ఊరేమిటని మనవడు జూకి లాక్కెళ్ళాడు. అక్కడ చూశాను వాళ్ళ బఫెలోని. గేదె కాదు! ముందు సగం సింహం, వెనక సగం ఎద్దులా ఉంది. మూపు మీద గుట్ట, గడ్డం కింద గెడ్డం, పొట్టి కొమ్ములు. వేసవి కదా, ఊడుతున్న బొచ్చు చిరిగిన గొంగళిలా పక్కల వేలాడుతోంది. దాని అసలు పేరు బైసన్. వలస వచ్చిన తెల్లవాళ్ళు బఫెలో అనేశారు, అదే నిలిచిపోయింది. ఒకప్పుడు కోట్లలో ఉండేవట. తోళ్ళ కోసం, వాటి మీద బతికే ఆదివాసుల పొట్ట కొట్టడం కోసం కాల్చి కాల్చి, 1880లు ముగిసేసరికి వెయ్యి కూడా మిగల్లేదు. రైలుమార్గం కూలీల తిండి కోసం వేల బైసన్లను చంపిన విలియం కోడీకి 'బఫెలో బిల్' అని పేరు. ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు 'బిల్స్' అంటే ఆ బిల్లే. చంపినవాడి పేరు జట్టుకి, చచ్చినదాని బొమ్మ టోపీ మీద. ఊరి బేస్‌బాల్ జట్టు పేరు మాత్రం 'బైసన్స్'. పోనీ, ఒక్కళ్ళయినా సరిగ్గా పిలిచారు.

దీనికి సరిజోడు తప్పు మన దగ్గర చేశారు. మన పాపికొండల్లో తిరిగే అడవిదున్నకి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు ఇండియన్ బైసన్. అది బైసన్ కాదు. తమ బైసన్‌నేమో బఫెలో అన్నారు. అదీ కాదు. కంచె ఇవతల నిలబడి ఈ సంగతి నేను చెబుతుంటే ఆ బైసన్ మాత్రం అచ్చం మా ఊరి గేదెలాగే, నా మొహం చూస్తూ తీరిగ్గా నెమరు వేసింది. ఆ ఒక్కటీ కలిసింది.

భోజనానికి మెయిన్ స్ట్రీట్‌లో యాంకర్ బార్‌కి వెళ్ళాం. బఫెలో వింగ్స్ పుట్టిన చోటు. 1964లో ఓ రాత్రి కొడుకూ, వాడి స్నేహితులూ ఆకలితో వస్తే, తెరెసా బెల్లిసిమో అనే ఆ ఇంటావిడ మామూలుగా సూపుకి పోయే కోడి రెక్కల్ని నూనెలో వేయించి, కారం సాసూ వెన్నా కలిపి పెట్టిందని ఆ హోటల్ వాళ్ళ కథ. గేదెకి రెక్కలేమిటని అమెరికాలో అడుగుపెట్టిన ప్రతి తెలుగు అత్తగారూ ఒకసారి అడిగే ఉంటుంది. ఈ ఊళ్ళో ఉత్తినే వింగ్స్ అంటారు. మన మైసూర్ బజ్జీలో మైసూరెంతో ఇందులో గేదె అంత. పక్కన సెలెరీ కాడలూ, ముక్కిన వాసన వేసే బ్లూ చీజూ ఇచ్చారు. వింగ్స్‌లో కారం కన్నా పులుపే ఎక్కువ. బాగున్నాయి. బ్లూ చీజ్ అల్లుడి వైపు జరిపేశాను.

అవి వచ్చేలోగా నాకు మా నాన్న గుర్తొచ్చారు. మా డెల్టా పొలాల్లో దమ్ముకి దున్నపోతుల్నే కట్టేవారు, బురదలో ఎద్దు కన్నా అవే నయం. ఒకటి ఉండేది, కాడి మెడ మీద పడగానే పడుకునేది. అప్పుడు పాలేరు విసుక్కునేవాడు. మనవడి టిష్యూ వెనక్కి తిప్పి రాశాను: "దున్నని దున్నని దున్నమంటే దున్నుతుందా?"

వాడు చదవలేడు, చదివి వినిపించాను. మొదటి రెండు మాటలూ ఒకటే కదా అన్నాడు. ఒకటి కాదు నాన్నా. మొదటిది పొలం దున్నని అని. రెండోది దున్నపోతుని అని. దున్నని దాన్ని దున్నమంటే అదెందుకు దున్నుతుంది? వాడు వేళ్ళు మడిచాడు. "నాలుగే ఉన్నాయి, నాది ఎనిమిది" అన్నాడు. "నీదాంట్లో పనేం జరగలేదురా, కొట్టుకోవడమే" అన్నాను.

సాయంత్రం నయాగరా వైపు బయలుదేరాం. అరగంట దారి. 1896లో ఆ జలపాతం కరెంటు ఈ దారినే బఫెలోకి వచ్చిందని అల్లుడు చెబుతున్నాడు గానీ మనవడి బుర్ర ఇంకా గేదె దగ్గరే ఉంది. ఇండియాలో కూడా బఫెలో అనే ఊరుందా అని అడిగాడు. ఉంది కదా, మైసూరు! మహిషూరు, మహిషాసురుడి ఊరు. మహిషం అంటే దున్నపోతు, మహిషి అంటే గేదె.

"మహిషి అంటే రాణి కూడాను" అన్నారు మా ఆయన ముందు సీట్లోంచి. "మీ అమ్మమ్మ నా పట్టమహిషి."

మనవడు ఒక్క క్షణం ఆలోచించి, "అంటే తాతయ్యా, నువ్విప్పుడు అమ్మమ్మని బఫెలో అన్నావా?" అన్నాడు.

ఆయన కిటికీ అద్దం దించి, జలపాతం హోరు ఏమైనా వినబడుతోందా అని అల్లుణ్ణి అడిగారు.