హృదయ సూత్రంలో ఏడు ఖాళీలు

"రూపం శూన్యతా, శూన్యతైవ రూపమ్."

బౌద్ధుల ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రంలోని ఈ మాటను చైనాలో ఇప్పటికీ హ్యూయెన్‌త్సాంగ్ అనువాదంలోనే పారాయణ చేస్తారు. అది 649 నాటిదని సంప్రదాయం చెబుతుంది. అంతకు కొన్నేళ్ల ముందే ఆయన మన కృష్ణా తీరానికి వచ్చి, ధాన్యకటకంలో కొన్ని నెలలుండి అభిధర్మం అనే బౌద్ధ తత్త్వశాస్త్రం చదువుకున్నాడు. ఆయన సూత్రం మొత్తం 260 అక్షరాలు. అందులో శూన్యతకు వాడింది ఒకే అక్షరం, ఖుంగ్. ఏడుసార్లు వస్తుంది. ఆ ఏడూ మొదటి 75 అక్షరాల్లోనే వచ్చేస్తాయి.

బుద్ధుడి మాట చైనా చేరేనాటికే ఖుంగ్ బాగా ముదురు అక్షరం. పై భాగం గుహ, కింది భాగం 'పని'. గుహ అర్థాన్నిస్తుంది, పని ఉచ్చారణను సూచిస్తుంది. క్రీ.శ. 100లో షు షెన్ పూర్తిచేసిన నిఘంటువులో దీని అర్థం 'రంధ్రం'. ప్రాచీన రాజ్యాల్లో మట్టిపనులు, కట్టడాలు చూసే మంత్రిని 'సిఖుంగ్' అనేవారు. జౌ రాజవంశ కాలపు కంచు పాత్రల మీద ఆ పదవి పేరు రాసేటప్పుడు గుహను వదిలేసి, కింది 'పని' అక్షరం ఒక్కటే వేశారు.

క్రీ.పూ. 138లో జాంగ్ చియెన్ అనే రాయబారి రాజధాని చాంగాన్ నుంచి పడమటికి బయల్దేరి, శత్రువుల చేతిలో ఏళ్ల తరబడి బందీగా ఉండి, క్రీ.పూ. 126లో తిరిగొచ్చాడు. చరిత్రకారుడు సీమా చియెన్ ఆ ప్రయాణాన్ని 'ఖుంగ్ తొలచడం' అన్నాడు. గోడకు కన్నం పెట్టినట్టు దారి తెరిచాడని భావం. తర్వాతి శతాబ్దాల్లో భిక్షువులు, గ్రంథాలు చైనాకు నడిచొచ్చింది ఆ పడమటి దారుల వెంటే. శూన్యతను మోసుకొచ్చిన దారికి ముందే ఖుంగ్ అన్న పేరు పడి ఉండడం తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

కన్ఫ్యూషియస్ తన ప్రియశిష్యుడు యెన్ హుయ్ గురించి 'తరచూ ఖుంగ్' అన్నాడు. ఇంట్లో గింజలు నిండుకునే పేదవాడని మామూలు అర్థం. మనసులో అడ్డేమీ లేనివాడని మరికొందరు వ్యాఖ్యాతలు చెప్పారు. ఒకే అక్షరంలో దారిద్ర్యమూ ఉంది, నిర్మలత్వమూ ఉంది.

సంస్కృతం నుంచి తర్జుమా చేసినవాళ్లకు ఈ విస్తృతే అక్కరకొచ్చింది. శూన్యానికి ఖుంగ్. ఆకాశానికి 'షు' అనే మరో ఖాళీ మాట ముందు చేర్చి షుఖుంగ్. మనం అమోఘం అంటామే, అంటే వ్యర్థం కానిది, దాన్ని 'బుఖుంగ్' అన్నారు, 'ఖుంగ్ కానిది' అని. 8వ శతాబ్దంలో చాంగాన్‌లో మంత్రశాస్త్రం బోధించిన అమోఘవజ్రుడిని చైనా ఆ పేరుతోనే పిలిచింది. ఇక్కడ ఖుంగ్ అంటే వృథా. శూన్యత అన్న అర్థం తెచ్చి ఇక్కడ పెడితే ఆచార్యుడి పేరే తలకిందులవుతుంది.

ఎక్కువమంది తడబడేది మరోచోట. ఖుంగ్ అంటే 'ఏమీ లేదు' అనుకుంటారు. లేదనడానికి చైనీయంలో 'వు' అనే వేరే అక్షరం ఉంది, ఇదే సూత్రంలో 21 సార్లు వస్తుంది. ఈ రెంటి మధ్య సరిహద్దు పెద్దలకూ సున్నితమైనదే. నాగార్జునుడు "యః ప్రతీత్యసముత్పాదః శూన్యతాం తాం ప్రచక్ష్మహే" అన్నాడు. హేతువుల వల్ల పుట్టినదాన్నే శూన్యత అంటున్నామని. బౌద్ధ గ్రంథాల అనువాదకుడు కుమారజీవుడు 409లో దీన్ని చైనీయంలోకి తర్జుమా చేస్తూ శూన్యత ఉన్నచోట 'వు' రాశాడు. తర్వాత తియెన్‌తాయ్ అనే చైనా బౌద్ధ సంప్రదాయంలో ఆ శ్లోకాన్ని ఖుంగ్‌తోనే ఉదహరించడం అలవాటైంది. ఆ మార్పు నాగార్జునుడికే దగ్గరగా ఉందని నా నమ్మకం. 'వు' తలుపు మూస్తుంది. ఖుంగ్‌లో గుహ ఉంది, లోపల చోటుంది. స్వరం కాస్త దించి పలికితే నేటి చైనీయంలో దానికి తీరిక అనే అర్థం కూడా ఉంది. మనం "ఇవాళ ఖాళీయేనా?" అని అడుగుతామే, అచ్చం అలాగే.

ఈ సూత్రాన్ని కుంచెతో రాయడం ఒక ఉపాసన. పాత పద్ధతిలో నిలువు వరసకు 17 అక్షరాలు, కుడి నుంచి ఎడమకు. ఎడం లేకుండా రాసుకుంటూ పోతే రెండో వరసలో 3, 15, 16 స్థానాల్లో, మూడో వరసలో 6, 7 స్థానాల్లో, నాలుగో వరసలో 8లో, ఐదో వరసలో 7లో ఖుంగ్ పడాలి. ఇలా సరిచూసుకుంటే తప్పు వెంటనే దొరుకుతుంది. మామూలుగా పోయేది జంటల్లో ఒకటి. పక్కపక్కన ఒకే అక్షరం ఉండేసరికి కన్ను ఒకదాన్ని మింగేస్తుంది, ఆపైన ప్రతి అక్షరమూ ఒక స్థానం ముందుకు జరుగుతుంది.

ఖుంగ్‌కు ఎనిమిది గీతలు. గుహకు ఐదు: నెత్తిన చుక్క, ఎడమ చుక్క, కుడివైపు వంపు తిరిగే కప్పు, దాని కింద రెండు కాళ్లు. పనికి మూడు: అడ్డం, నిలువు, అడ్డం. కాళ్లు పొడుగైతే కింద చోటుండదు, 'పని' కప్పుకు అతుక్కుపోయి అక్షరం ఉక్కిరిబిక్కిరవుతుంది. కాళ్లు పొట్టిగా, విప్పారినట్టు ఉండాలి. అడుగు గీత కాస్త వెడల్పుగా ఉండి బరువు మోయాలి. ఏమరుపాటున అదే గుహ కింద 'తొమ్మిది' రాస్తే ఇంకో అక్షరమైపోతుంది. అదీ ఈ సూత్రంలోనే, నిర్వాణం ప్రస్తావనకు ముందు వస్తుంది.

పారాయణలోనూ చిక్కు జంటల దగ్గరే. "రూపం ఖుంగ్ కంటే వేరు కాదు" అన్న వాక్యం ఒక ఖుంగ్‌తో ముగుస్తుంది, "ఖుంగ్ రూపం కంటే వేరు కాదు" అన్నది ఇంకో ఖుంగ్‌తో మొదలవుతుంది. రెంటినీ కలిపేస్తే 'ఖుంగ్‌ఖుంగ్' అని వినిపిస్తుంది. అది కన్ఫ్యూషియస్ కాలం నుంచీ ఉన్న వేరే మాట. అందుకే అక్షరానికో దెబ్బ చొప్పున కర్రచేప అనే వాద్యం వాయిస్తారు. లోపల తొలిచిన కర్ర అది. మొదటి ఖుంగ్‌కు ఒక దెబ్బ, మోత ఇంకా తగ్గకముందే రెండో ఖుంగ్‌కు మరో దెబ్బ.