జైలుకు పోనివాళ్ల లెక్క కోసం

మన జైళ్లలో ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడం చాలా తేలిక. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) వేసే జైళ్ల గణాంకాల పుస్తకం ఫోన్‌లోకి దింపుకుంటే చాలు. 2022 చివరికి దేశం మొత్తం మీద 5,73,220 మంది ఖైదీలు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి 75 మందికి పైగా నేరం ఇంకా రుజువు కానివాళ్లే. అప్పటికి వందమందికి కట్టిన చోట సగటున 131 మంది ఉన్నారు. రాష్ట్రం, వయసు, చదువు, అన్నిటికీ పట్టికలుంటాయి. తిరుపతిలో ఎల్‌ఎల్‌ఎం చేస్తున్నప్పుడు డిసర్టేషన్‌కి నేను పట్టుకున్నది దీనికి అవతలి వైపు. నేరం చేశాడని కోర్టు తేల్చాక కూడా జైలుకు పంపకుండా వదిలినవాళ్లు మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎంతమంది? ఈ ఒక్క అంకె కోసం ఎక్కడెక్కడ తిరిగానో రాస్తే, ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు కొంతైనా పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందు చట్టం సంగతి. 1958లోనే ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్ వచ్చింది. ఉరి, యావజ్జీవం పడే నేరం కాకపోతే, మనిషి తీరు, జరిగిన సంగతి చూసి, జడ్జి వెంటనే శిక్ష వేయకుండా బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని ఇంటికి పంపవచ్చు. దీన్నే ప్రొబేషన్ అంటారు. బాండు గడువు మూడేళ్లకు మించకూడదు. ఈలోగా షరతు తప్పితే పిలిపించి శిక్ష వేయొచ్చు. 21 ఏళ్లు నిండనివాడైతే జైలే సరైనదని కోర్టు అనుకున్నప్పుడు, ఇలా వదిలినవాళ్లను కనిపెట్టుకునే ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకోవాలి, జైలుకు ఎందుకు పంపుతున్నదీ రాయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దీనికి తోడు సమాజ సేవను కూడా ఒక శిక్షగా చేర్చింది. 5 వేల రూపాయల లోపు దొంగతనం, మొదటిసారి దొరికినవాడు, సొమ్ము తిరిగి ఇచ్చేస్తే అతనికి జైలు కాదు, సమాజ సేవే. తాగి నలుగురిలో గొడవ చేసినవాడికి కూడా జడ్జి అదే వేయొచ్చు. ఎన్ని గంటలు చేయాలి, ఎవరు దగ్గరుండి చేయించాలి అన్నది మాత్రం ఆ సంహితలో లేదు.

నా మొదటి సినాప్సిస్ జైళ్ల రద్దీ మీద. మా గైడ్ సార్ చూసి, "ఇది అందరూ రాసేదే కదమ్మా" అని పక్కన పెట్టేశారు. ప్రొబేషన్ అన్నాక కుర్చీ దగ్గరికి లాక్కుని టెక్సాస్ కథ చెప్పారు. అక్కడ 2007లో, ఇంకో ఐదేళ్లలో 17 వేలకు పైగా జైలు పడకలు అదనంగా కావాలని లెక్క తేలింది. శాసనసభ ఆ లెక్క ముందు పెట్టుకుని, కొత్త జైళ్ల బదులు మత్తు మాన్పించే చికిత్సకు, బయట ఉంచి కనిపెట్టుకునే ఏర్పాట్లకు 24.1 కోట్ల డాలర్లు ఇచ్చింది. టెక్సాస్‌ను మెత్తటి రాష్ట్రమని ఎవరూ అనరు. "జాలితో చేసింది కాదమ్మా, అంకె చూసి చేసింది. మన అంకె ఎక్కడుందో పట్టుకో ముందు" అన్నారు సార్. నాకు అప్పుడు అది ఒక వారం పనిలా అనిపించింది.

సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెట్టా. జిల్లా స్థాయి ఆఫీసుకైతే మన రాష్ట్రంలో ఫీజు పది రూపాయలు. పోస్టల్ ఆర్డర్ పెట్టి స్పీడ్ పోస్టులో పంపాను. ఆ ఆఫీసువాళ్లు మాది కాదని ఇంకో ఆఫీసుకి బదలాయించారు. చట్టం ప్రకారం ఆ బదలాయింపు ఐదు రోజుల్లో జరగాలి, అది జరిగిన తీరు గురించి ఇక్కడ రాసి లాభం లేదు. రెండో ఆఫీసు నుంచి వచ్చిన జవాబు ఒకే వాక్యం: మీరు కోరిన రూపంలో సమాచారం నిర్వహించబడటం లేదు. సంతకం, స్టాంపు. ఈ వాక్యాన్ని ఆఫీసులు ఎక్కడో అచ్చు వేయించి పెట్టుకుంటాయేమో అని నా అనుమానం.

నిజానికి ఆ జవాబులో వాళ్ల తప్పు ఎంతో చెప్పలేను. ఉన్న కాగితం ఇవ్వమనే చట్టం చెబుతుంది, మనకోసం కూర్చుని లెక్కలు కట్టమని కాదు. అందుకే మొదటి అప్పీలు వేస్తూనే, విడిగా ఇంకో దరఖాస్తు పెట్టాను. ఈసారి "ఎంతమంది" అని అడగలేదు. ప్రొబేషన్ మీద వదిలినవాళ్ల పేర్లు రాసుకునే రిజిస్టరును వచ్చి చూసుకుంటాను, తేదీ ఇవ్వండి అని అడిగాను. రికార్డు తనిఖీ చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది, మొదటి గంటకు ఫీజు కూడా లేదు. మీరు పరిశోధనకు ఆర్‌టీఐ వాడేటట్టయితే ముందు ఆ ఆఫీసులో ఏ రిజిస్టర్లు ఉన్నాయో పేర్లు కనుక్కోండి. ఆ పేరుతో అడిగితే "ఆ రూపంలో లేదు" అని రాయడం కష్టం.

రిజిస్టరు చూశాను. అట్ట చిరిగితే బ్రౌన్ కాగితం అంటించి, నడుమ దారంతో కుట్టిన పొడుగాటి పుస్తకం. పేరు, తండ్రి పేరు, ఊరు, కేసు నంబరు, బాండు గడువు వరకు గళ్లు నిండి ఉన్నాయి. ఆ తర్వాత "ప్రవర్తన" అని ఒక గడి. మొదటి రెండు పేజీల్లో అక్కడ ఎర్ర ఇంకుతో ఏదో రాసి ఉంది. ఆ తర్వాత పేజీల్లో పైన ఒక్క వరుసలో "బాగుంది" అని రాసి కిందంతా అడ్డగీతలే. నాకు రిజిస్టరు తెచ్చిచ్చిన ఉద్యోగి, "ఒక్కరమే మేడమ్, పిల్లల కేసులూ మేమే చూడాల, ఇవీ మేమే చూడాల" అన్నారు. ఆయన మీద కోపం రాలేదు. జైల్లో ఉన్నవాళ్లను రోజూ పొద్దున, సాయంత్రం నిలబెట్టి లెక్కపెడతారు, ఒక్కడు తగ్గితే ఉద్యోగాలు పోతాయి. బయట వదిలినవాడి సంగతి ఒక గడిలో ఒక్క మాట. అతను బాగుపడ్డాడా, మళ్లీ దొరికాడా అన్నది ఎవరికీ అక్కర్లేని సంగతి అయిపోయింది.

రిజిస్టరులో ఉన్నవి కూడా ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణ కింద పెట్టినవాళ్ల పేర్లే. ఉత్త బాండు మీద పంపినవాళ్లు, మందలించి వదిలినవాళ్లు అందులో ఉండరు. వాళ్లకోసం కోర్టుల తీర్పులు ఉండే ఈ-కోర్ట్స్ సైటు పట్టుకున్నా. కోర్టు పేరు ఎంచుకుని, ఆర్డరు తేదీ ఇచ్చి, క్యాప్చా కొడితే తీర్పులు వస్తాయి. తిరుపతి, శ్రీకాళహస్తి, పుత్తూరు, చిత్తూరు, ఇలా ఒక్కో కోర్టు, ఒక్కో నెల. క్యాప్చాలో ఐదు ఏదో ఎస్ ఏదో తెలియక రాత్రిళ్లు కళ్లు మండేవి. కొన్ని పీడీఎఫ్‌లు పక్కకు తిరిగి ఉండేవి, ఫోన్ తిప్పితే అవీ తిరిగేవి. కొన్నాళ్లకు ఏ తీర్పు తెరిచినా నేరుగా ఆఖరి పేజీకి పోవడం అలవాటైంది.

ఆ ఆఖరి పేజీలోనే నాకు అసలు విషయం దొరికింది. శిక్ష వేసిన తీర్పుల్లో చాలావాటిలో, నేర స్వభావం దృష్ట్యా ప్రొబేషన్ చట్టం వర్తింపజేయడం సబబు కాదు అని ఇంచుమించు ఒకే మాటల్లో ఒక వాక్యం ఉంటుంది. ఇది ఊరికే రాసేది కాదు. ప్రొబేషన్ ఇవ్వగలిగి కూడా ఇవ్వకపోతే ప్రత్యేక కారణాలు రాయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 361వ సెక్షన్ చెప్పేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 402 అదే చెబుతోంది. అన్నదమ్ముల గట్టు తగాదాకీ, బజార్లో సెల్‌ఫోన్ కొట్టేసిన కుర్రాడికీ అదే వాక్యం వాడితే దాన్ని ప్రత్యేక కారణం అనడం నాకు చేతకాలేదు. ఆ మాటే మూడో అధ్యాయంలో రాశాను. కొంచెం మెత్తగా రాయమని సార్ అన్నారు, అలాగే కొంచెం మెత్తగా రాశాను.

కాగితాల పని అయ్యాక మనుషుల్ని కలవాలి. జైల్లో ఇంటర్వ్యూలకు అనుమతి పైనుంచి రావాలి, నాకు కావలసినవాళ్లు జైల్లో లేరు గనక ఆ దారి వదిలేశా. బయట ఉన్నవాళ్లను కనిపెట్టింది వకీళ్ల గుమాస్తాలే. కోర్టు పక్క జిరాక్స్ షాపు దగ్గర ఒక పెద్దాయన నా ప్రశ్నల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "రిజిస్టర్లో ఏముంటాది మా? ఆయప్ప ఏ ఊరోడు, ఎవురు పూచీ పడినారు, ఇప్పుడు యాడుండాడు, నన్నడుగు" అన్నాడు. అడిగితే నిజంగానే చెప్పాడు. ముందు ఆయనే ఫోన్ చేసి, వాళ్లు సరేనన్నాకే నాకు నంబరు ఇచ్చేవాడు. నేను పేర్లు రాసుకోలేదు, వాళ్లను అక్షరాలతోనే గుర్తుపెట్టుకున్నా.

అలా కలిసినవాళ్లలో రేణిగుంట వైపు పంక్చర్ షాపు పెట్టుకున్న ఒకాయన గుర్తుండిపోయాడు. కుళాయి నీళ్ల దగ్గర గొడవలో పక్కింటాయన్ని స్పానర్‌తో కొట్టాడు. నేరం రుజువైంది. రెండేళ్ల బాండు మీద వదిలారు. ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తూనే నాకు జవాబులు చెప్పాడు. "కేసు కొట్టేసినారు మేడమ్" అన్నాడు. లోపల్నించి భార్య, "కొట్టేయలేదు, సంతకం పెట్టొచ్చినావు కదా, మర్చిపోయినావా" అంది. బాండులో ఏముందో అతనికి ఎవరూ చదివి చెప్పలేదు. ఆ రెండేళ్లలో ఎవరైనా వచ్చి చూశారా అంటే రాలేదన్నాడు. భయపడ్డావా అన్నాను. "ఎవురన్నా గొడవకొస్తే షాపు మూసేసి పోతా ఉంటి" అన్నాడు. జైలుకు పోయి ఉంటే షాపు జాగా ఇంకొకరు పట్టుకునేవాళ్లని, పిల్లోడి ఫీజు ఆగిపోయేదని భార్య చెప్పింది. నా ప్రశ్నల్లో అద్దె, ఫీజుల గురించి ఏమీ లేదు. ఆ తర్వాత నుంచి ప్రతి ఇంట్లోనూ అడిగాను.

ఒక కుర్రాడు నన్నే ప్రశ్న అడిగాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతున్నాడు, ఈ కేసు అడ్డొస్తుందా అని. ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఇలా వదిలినవాళ్లకు, నేరం రుజువైనందువల్ల చట్టపరంగా వచ్చే అనర్హత ఉండదు. కానీ ఉద్యోగం ఇచ్చేవాళ్లు మనిషి నడవడిక చూసుకోవచ్చు. ఉద్యోగంలో చేరేముందు నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి అడిగితే దాచకూడదు. దాస్తే ఏమవుతుందో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఉన్నది రాయమని, ముందు వకీలుకు చూపించమని చెప్పాను. ఆ అబ్బాయి మొహంలో టెన్షన్ తగ్గిందని మాత్రం చెప్పలేను.

ఇక్కడ కాణిపాకం గురించి చెప్పకపోతే మా జిల్లావాళ్లు ఒప్పుకోరు. మావైపు ఏ తగువొచ్చినా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా" అంటారు. కోర్టు బయటే తేలిపోయిన కేసుల గురించి అడిగినప్పుడు ఈ మాట చాలామంది నోట విన్నాను. ఊరే చూసుకుంటుంటే జైలెందుకు, ప్రొబేషన్ ఎందుకు అని మా క్లాసులో ఒకరు వాదించారు కూడా. నేను ఒప్పుకోను. రచ్చబండ మీద జరిమానా ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బలం లేనివాడికి కోర్టు రాసిన బాండే మేలు, దానికి అప్పీలైనా ఉంటుంది.

బెయిలు సంగతి నా అంశం కాదు గానీ, చిత్తూరు జిల్లాలో జైలు గురించి రాస్తూ దాన్ని దాటిపోలేం. శేషాచలం ఎర్రచందనం కేసుల్లో తమిళనాడు జవ్వాది కొండల నుంచి వచ్చిన కూలీలు పట్టుబడతారు. బెయిలొచ్చినా ఇక్కడ వాళ్లకు షూరిటీ పడేదెవరు? 1978లోనే మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఈ పద్ధతిని తప్పుపట్టారు. అతని అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు పూచీ ఒప్పుకోలేదు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది: బెయిలొచ్చి వారంలో బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి, స్థానిక షూరిటీనే కావాలని పట్టుబట్టడం వల్ల విడుదల ఆలస్యమవుతుంటే కోర్టులు ఆ షరతు పెట్టకుండా ఉండొచ్చు. కేరళలో అదే కృష్ణయ్యర్ పుట్టినరోజు నవంబర్ 15ని ప్రొబేషన్ దినంగా జరుపుతారు. మనకు అలాంటి రోజు లేకపోయినా నష్టం లేదు, నెలనెలా కోర్టులు పంపే పట్టికలో ఒక గడి పెడితే చాలు.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ నేరుగా అనుబంధం తెరిచారు. నేను అక్కడ రాష్ట్రం మొత్తానికి ఒక పట్టిక గీసి పెట్టాను: జిల్లా, నేరం రుజువైనవారు, ప్రొబేషన్ పొందినవారు, సమాజ సేవ పడినవారు, గడువు సవ్యంగా పూర్తి చేసినవారు. మా జిల్లాలో నేను చదివిన కోర్టుల వరకే అంకెలున్నాయి, మిగతావన్నీ ఖాళీ గళ్లు. "ఖాళీ పట్టిక ఎందుకు అచ్చేశారు?" అన్నారు. ఏ ఆఫీసు ఏ గడి నింపగలదో కింద రాశాను చూడమన్నాను. చదివి, చివరి గడి దగ్గర వేలు పెట్టి, "ఇది మాత్రం కష్టం" అన్నారు. అప్పుడు నేను బ్రౌన్ కాగితం అంటించిన రిజిస్టరు గురించి చెప్పాను.

డిగ్రీ వచ్చింది. మొదటి అప్పీలులోనూ పాత జవాబే వచ్చింది, రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు వేశాను. దాని నంబరు వచ్చింది, విచారణ తేదీ ఇంకా రావాలి. కడప జిల్లా కోర్టుల తీర్పులు మా జూనియర్ ఒకమ్మాయి చదవడం మొదలుపెట్టింది. రాత్రి పదకొండు దాటాక ఈ-కోర్ట్స్ కాస్త వేగంగా తెరుచుకుంటుందని చెప్పాను తనకి.