మోకాలి నొప్పికి వేసుకున్న మాత్ర

తెనాలి దగ్గరి జిల్లా పరిషత్ పాఠశాలలో ఏళ్ల తరబడి నిలబడి పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు అరవై దాటాక కుడి మోకాలు మొరాయించింది. పొద్దున్నే బిగుసుకుపోవడం, మెట్లు దిగుతుంటే కలుక్కుమనడం ఈ జబ్బు ఉన్నవారందరికీ తెలిసినవే కనుక వాటిని వివరించను. ఎక్స్‌రేలో కీలు సందు తగ్గిందని, మృదులాస్థి అరిగిందని తేలింది.

ఆ ఎక్స్‌రే చూసిన వైద్యుడి మాట మాత్రం నేను మరిచిపోలేదు. "ఈ వయసులో పరుగు పందేలకు వెళ్లాలా ఏమిటమ్మా? నొప్పి వస్తే ఈ మాత్ర వేసుకోండి" అని నవ్వుతూ చీటీ చేతికిచ్చారు. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వాడుతున్నానని చెప్పబోయేలోగా తర్వాతి పేరు పిలిచారు. ఆయన రాసినది డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర. నొప్పి నిజంగానే తగ్గడంతో ఇంట్లో ఎవరికీ దాని మీద అనుమానం రాలేదు.

ఒక వేసవి రాత్రి కడుపులో మంటతో మెలకువ వచ్చింది. మరుగుదొడ్డికి వెళ్తే విరేచనం తారులా నల్లగా అయింది. లేవబోయేసరికి కళ్లు చీకట్లు కమ్మి కింద కూలబడ్డాను. లోపల గడియ పెట్టి ఉంది, దాన్ని అందుకోవడానికి మోకాలు సహకరించలేదు, కేక వేద్దామంటే గొంతు పెగల్లేదు. చేతికి దొరికిన చెంబుతో తలుపు కొడుతూ, ఈ తెల్లవారుజామున నన్ను ఎవరు ఏ స్థితిలో చూస్తారోనని ప్రాణభయం కంటే సిగ్గుతోనే ఎక్కువ వణికాను. చప్పుడు విని మా అబ్బాయి తలుపు విరగ్గొట్టాడు. 108 వాహనం వచ్చేదాకా కోడలు నా తలను ఒళ్లో పెట్టుకుని "అత్తయ్యా, కళ్లు మూయకండి, నాతో మాట్లాడుతూ ఉండండి" అంటూనే ఉంది. కన్నకూతురైనా అంతకంటే ఏం చేస్తుంది?

గుంటూరులో రక్తం ఎక్కించారు. కడుపులో పుండు పడి రక్తం కారిందని ఎండోస్కోపీలో తెలిసింది. "ఆస్పిరిన్‌తో పాటు ఈ డైక్లోఫెనాక్‌ను ఎవరు వాడమన్నారు? రెండూ కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం ఎక్కువ కదా!" అని అక్కడి డాక్టరమ్మ అడిగితే చీటీ చూపించాను. ఆవిడ చదివి, మడిచి, మాట్లాడకుండా తిరిగి ఇచ్చేశారు. నన్ను బతికించిన ఆవిడంటే ఎంత కృతజ్ఞత ఉన్నా, ఆ మౌనానికి నాకు ఇప్పటికీ కోపమే.

నన్ను ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపినదీ ఆవిడే. మోకాలి కింద తువాలు చుట్ట పెట్టి నొక్కుతూ తొడ కండరం బిగించి వదలడం, చేతుల ఊతం లేకుండా ఎత్తు కుర్చీలోంచి లేవడం ఇప్పుడు నా నిత్యవిధి. తొడ ముందు కండరం బలపడితే కీలుకు ఆసరా దొరుకుతుంది. కర్రను నొప్పి ఉన్న వైపు కాక రెండో చేత్తో పట్టుకోవాలన్న సంగతి కూడా అక్కడే తెలిసింది. ఒంటి బరువు ఒక్క కిలో తగ్గితే, నడిచేటప్పుడు వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. ఆ లెక్క విన్నాక రాత్రి అన్నం మానడం కష్టమనిపించలేదు.

కోలుకుంటే అలిపిరి మెట్లెక్కి వస్తానని ఆసుపత్రి మంచం మీద మొక్కుకున్నాను. మూడున్నర వేల మెట్లు, అందులో మోకాళ్ల పర్వతం కూడా ఉంది! బస్సులోనే వెళ్లి దండం పెట్టుకున్నాను, స్వామికి నా మోకాలి సంగతి తెలియకపోదు.

మార్పిడి ఆపరేషన్ చేయించేద్దామని మా అబ్బాయి తొందరపెడుతుంటాడు. 2017 ఆగస్టులో ప్రభుత్వం కృత్రిమ మోకాలి కీళ్ల ధరలకు పరిమితి పెట్టిందని, అప్పట్లో కోబాల్ట్ క్రోమియం అనే లోహంతో చేసే రకానికి పన్ను కాక 54,720 రూపాయలని నిర్ణయించిందని కూడా వాడే చదివి చెప్పాడు. పడుకున్నా నొప్పి ఆగని రోజు వస్తే తప్పక చేయించుకుంటాను. అయితే ఆ ఆపరేషన్ చేసే వైద్యుడు ఎంత పేరున్నవారైనా, నేను వాడుతున్న మందుల జాబితా చదివేదాకా వారి ముందున్న కుర్చీలోంచి లేవను.