ఆకలిని దాచుకుంటూ తిరిగిన బెజవాడ, గుంటూరు

మెక్సికో నుంచి ఒకమ్మాయి, జర్మనీ నుంచి ఒకమ్మాయి ఒక సెమిస్టర్ చదువుకోవడానికి హైదరాబాద్ వచ్చారు. హాస్టల్లో నా పక్క గదే వాళ్లది. తెలుగువాళ్ల తిండి అంటే వాళ్లకు మెస్సులో పోసే సాంబారు, సందు చివర దొరికే బిర్యానీ. గుంటూరు పిల్లనై ఉండి ఈ మాట వింటూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఫిబ్రవరిలో శని, ఆదివారాలు ఖాళీ దొరకగానే ఇద్దరినీ సికింద్రాబాద్‌లో రాత్రి రైలు ఎక్కించాను. ముందు బెజవాడ, తరువాత గుంటూరులో మా పిన్ని ఇల్లు.

బయల్దేరే ముందు జర్మనీ అమ్మాయి, చూడవలసిన చోట్లన్నీ రాసి ఇమ్మంది. నేను రాసి ఇచ్చినది తినవలసిన వేళలు. మా వైపు ప్రతి తిండికీ ఒక వేళ ఉంది. ఇడ్లీ తెల్లవారగానే తినాలి. భోజనం పన్నెండింటికి ముందే కూర్చుంటే అన్నం పొగలు కక్కుతూ వస్తుంది, రెండు దాటాక వెళితే అడుగంటిన పప్పే గతి. పునుగుల బండి సాయంత్రం గానీ వెలగదు. వీటన్నిటికీ సరిపడా ఆకలిని పొదుపుగా వాడుకోవాలి. అందుకని ఎవరు ఎంత బతిమాలినా ఎక్కడా రెండో ప్లేటు చెప్పకూడదని షరతు పెట్టాను. బిర్యానీ అసలు జాబితాలోనే లేదు. హైదరాబాద్‌లో ఉంటూ బెజవాడ దాకా వచ్చి బిర్యానీ తినడం దండగని నా అభిప్రాయం. ఉలవచారు బిర్యానీ అభిమానులు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

రైలు దిగి, మొహాలు కడుక్కుని, తిన్నగా గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్‌కు వెళ్లాం. 1942 నుంచి ఉన్న హోటల్ అది. అక్కడి ఇడ్లీ మీద వెన్నపూస వేసి ఇస్తారు. ఆ ముద్ద ముందు అంచులు మెత్తబడి, పక్కకు ఒరిగి, ఇడ్లీ మీద నుంచి జారడం మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడే తుంచి కారప్పొడిలో అద్దుకోవాలి. కబుర్లలో పడితే వెన్న అంతా ప్లేటు అడుగున చేరుతుంది. జర్మనీ అమ్మాయి ఫొటోలు తీస్తూ మొదటి ఇడ్లీ పాడుచేసుకుంది, రెండోదానికి ఫోను సంచీలో పడేసింది. ఇద్దరూ ఇంకో ప్లేటు అన్నారు. షరతు గుర్తుచేసి బయటకు నడిపించాను.

అరగాలంటే నడవాలి కదా, ప్రకాశం బ్యారేజీ మీదికి తీసుకువెళ్లాను. 1957లో పూర్తయిన కట్టడం, కిలోమీటరు దాటిన పొడవు. దానికి ముందు అక్కడ 1850లలో కట్టిన ఆనకట్ట ఉండేది. ఊరి మధ్యలో ఇన్ని కాలువలు ఎందుకని జర్మనీ అమ్మాయి అడిగింది. మధ్యాహ్నం నీ ఆకులో పడే అన్నం ఈ నీళ్లదేనని చెప్పాను. ఈ కాలువలు పారబట్టే డెల్టాలో వరి, వరి ఉండబట్టే మాకు ఇన్ని పచ్చళ్లు, ఇన్ని పొడులు. అన్నం అంత లేకపోతే వాటిని ఎందులో కలుపుకుంటాం?

అసలు పరీక్ష భోజనం దగ్గర. గవర్నరుపేటలో ఒక పాతకాలపు శాకాహార హోటల్లో అరిటాకు ముందు కూర్చోబెట్టాను. జర్మనీ అమ్మాయి మాంసం తినదు కాబట్టి ఆ బెంగ కూడా లేదు. వడ్డించే పెద్దాయన విదేశీయులను చూసి, “కారం తక్కువ వెయ్యమంటారా అమ్మా?” అని నన్నడిగాడు. వద్దన్నాను. కారం తగ్గించిన మా భోజనం ఎవరికీ అక్కరలేని పదార్థం. తగ్గించవలసింది కలుపుకునే మోతాదును. వేడి అన్నంలో వేలితో చిన్న గుంట చేసి, కందిపొడి వేసి, దాని మీద నెయ్యి పోయించుకుని, కొంచెం కొంచెంగా కలపడం చూపించాను. ముద్దను నాలుగు వేళ్లతో పట్టి బొటనవేలితో నోట్లోకి తోయాలి. మెక్సికో అమ్మాయి రొట్టె చుట్టుకుని చేత్తో తినే ఊరిది కాబట్టి చప్పున పట్టేసింది. రెండో ఆవిడ అరచేయంతా పప్పు చేసుకుంది.

అంతలో ఆవిడే గోంగూర పచ్చడిని ఉత్తదే చెంచాతో నోట్లో వేసుకుంది. కళ్ల వెంట నీళ్లు, వెంటనే ఎక్కిళ్లు. గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగుతూ ఉంటే లాక్కుని పెరుగు ముందు పెట్టాను. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు తాగితే ఆ మంటను నోరంతా అలికినట్టే. పచ్చడిలోకి నెయ్యి, చివరకు పెరుగన్నం అని మనవాళ్లు పెట్టుకున్న వరుస ఉట్టినే పెట్టుకున్నది కాదు. పెరుగు నాలుగు చెంచాలు తిన్నాక ఆవిడ మళ్లీ గోంగూర వైపు చూసింది, ఈసారి అన్నంతో, నెయ్యితో.

మిరపకాయ పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే, మనకు పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. ఆ ధీమాతోనేమో, మెక్సికో అమ్మాయి మొదటినుంచీ మా కారాన్ని లెక్కచెయ్యలేదు. కానీ పచ్చళ్లు రుచి చూసి మంచి మాటన్నది. వాళ్ల దగ్గర కారం ఒక పక్క, నిమ్మకాయ ఒక పక్క ఉంటాయట, ఎవరికి కావలసినంత వాళ్లు పిండుకుంటారట. ఇక్కడ పులుపు, కారం ముందే రాజీ పడి వచ్చినట్టున్నాయని.

సాయంత్రం పునుగులు, అల్లం చట్నీ. ఆ వెనకే వాము, చింతపండు కూరిన మిరపకాయ బజ్జీలు, పైన ఉల్లిపాయ ముక్కలు. రాత్రి భోజనం మానేశాం. గుంటూరు బస్సు మంగళగిరి దాటుతుంటే, అక్కడ కొండ మీది నరసింహస్వామికి నైవేద్యం బెల్లం పానకమని, తాగినంత తాగి మిగతాది భక్తులకే వదిలేస్తాడని నమ్మకమని చెప్పాను. చీకటిపడ్డాక ఆ గుడి తెరిచి ఉండదు, లేకపోతే దింపేదాన్నే. ఇలాంటి బెల్లం తమకూ ఉందని, పిలోన్సీయో అంటారని మెక్సికో అమ్మాయి చెప్పి నిద్రపోయింది.

బ్రాడీపేటలో పిన్ని ఇంట్లో ఆదివారం. మిర్చి యార్డుకు ఆ రోజు సెలవు కాబట్టి ఆ ఊసే ఎత్తలేదు. అవసరం కూడా కలగలేదు, పండు మిరపకాయల కాలం కావడంతో పిన్ని కొరివికారం పెట్టే పనిలో ఉంది. ముందురోజు కడిగి, తుడిచి, పాత చీర మీద నీడన ఆరబోసిన కాయలు వరండా నిండా ఎర్రగా ఉన్నాయి. తొడిమలు మాత్రం అప్పుడు తీయించింది. ముందే తీస్తే కడిగేటప్పుడు నీళ్లు కాయలోకి పోయి పచ్చడి బూజు పడుతుంది. చేతులకు నూనె రాసుకుని ముగ్గురం కూర్చున్నాం. ఎక్కువ భాగం గ్రైండర్‌లోనే వేసినా, మొదటి గుప్పెడు ఉప్పు, పసుపు, చింతపండుతో కలిపి రోట్లో దంచడం పిన్ని అలవాటు. మెక్సికో అమ్మాయి రోకలి అడిగి తీసుకుంది. వాళ్లింట్లోనూ నల్లరాతి రోలు ఉందట, మోల్కహేతే అంటారట. దంపు చూసిన పిన్ని, “ఈ పిల్లకు పని వచ్చే!” అని మెచ్చుకుంది. పాతికేళ్లుగా నన్ను ఆ మాట అనలేదు.

తరువాత పెరట్లో ఇంకో గొడవ. విత్తనానికి వదిలేసిన గోంగూర మొక్కలు ముదిరి, కాయల చుట్టూ దళసరి ఎర్రని రేకులతో నిలబడి ఉన్నాయి. మెక్సికో అమ్మాయి వాటిని చూసి “హమైకా!” అని కేకపెట్టింది. ఆ రేకులనే ఎండబెట్టి, మరిగించి, పంచదార కలిపి చల్లగా తాగుతారట, వాళ్ల ఊళ్లో ప్రతి భోజనశాలలో ఉంటుందట. వాళ్లకు ఆకు తినవచ్చని తెలియదు, మా పిన్నికి రేకులు తాగవచ్చని తెలియదు. ఇద్దరూ ఒకే మొక్క ముందు నిలబడి ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. అప్పటికప్పుడు నాలుగు గుప్పిళ్లు కోసి, కాయ తీసేసి, బెల్లంతో కాచి వడబోశాం. రక్తం లాంటి రంగు, చింతపండు కన్నా సున్నితమైన పులుపు. బాబాయి రెండు గ్లాసులు తాగాడు. పిన్ని ఒక గుక్క తాగి, “బాగానే ఉంది గానీ ఇందులో ఇంత ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు పడితే చారయ్యేది” అంది.

తిరుగు ప్రయాణానికి పిన్ని కొరివికారం జాడీ కట్టి ఇచ్చింది, కానీ సగం పనే అయినది. మూడో రోజున తీసి మెంతిపిండి కలిపి, ఇంగువ తాలింపు వేసుకోవాలని నాకు పదిసార్లు చెప్పింది. ఆ మూడో రోజు హాస్టల్ వంటగదిలో తాలింపు పెట్టాం. ఇంగువ వాసనకు నడవా మొత్తం వచ్చి నిలబడింది. మెక్సికో అమ్మాయి కోడిగుడ్డు అట్టులో పెట్టుకుని చపాతీలో చుట్టింది, జర్మనీ అమ్మాయి నెయ్యి సీసా చంకలో పెట్టుకునే వచ్చింది. రాత్రికి జాడీ సగం ఖాళీ. మిగిలిన సగం ఎవరి గదిలో ఉండాలన్న పంచాయితీ ఇంకా తేలలేదు.