ఆటోమేటిక్ ఎస్ప్రెస్సో మెషిన్ కొనే ముందు మీ పాలగిన్నెను చూడండి

ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు విడిగా మెసేజ్ పెట్టినా ఒకటే ప్రశ్న. "మీ ఇంట్లో ఉన్న కాఫీ మెషిన్ ఎంతండీ, మేం ఏది తీసుకుంటే మంచిది?" ఒక్కొక్కరికీ వాయిస్ నోట్లు పెట్టీ పెట్టీ విసుగొచ్చి అంతా ఇక్కడ రాసేస్తున్నా. ముందే చెప్తున్నా, త్రాసు మీద గ్రాములు తూచి, సెకన్లు లెక్కపెట్టి షాట్ (ఒకసారికి తీసే చిక్కటి ఎస్ప్రెస్సో కాఫీ) తీసే ఓపిక ఉన్నవాళ్లకి సెమీ ఆటోమేటిక్ మెషిన్, విడిగా ఒక మంచి గ్రైండర్ ఉంటే ఇదే డబ్బుకి ఇంతకంటే మంచి కాఫీ వస్తుంది, వాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. నేను రాస్తున్నది పొద్దున్నే ఒక చేత్తో పిల్లల టిఫిన్ డబ్బా కడుతూ రెండో చేత్తో బటన్ నొక్కి కాఫీ తాగాలనుకునే నాలాంటి వాళ్ల కోసం.

ఆన్‌లైన్‌లో ఎనిమిది తొమ్మిది వేలకే 'ఫుల్లీ ఆటోమేటిక్' అని కనిపిస్తే ఆగి ఫొటోని పెద్దది చేసి చూడండి. పైన గింజలు పోసే డబ్బా లేకుండా, ముందు పిడి ఉన్న ఫిల్టర్ బిగించి ఉందంటే అది మీరనుకునేది కాదు. పొడి మీరే పట్టించి తేవాలి, మీరే నింపాలి, మీరే అదమాలి, తాగాక మీరే దులిపి కడగాలి. అసలు ఫుల్లీ ఆటోమేటిక్‌లో గింజలూ నీళ్లూ పోయడం వరకే మన పని. లోపలి గ్రైండర్ పొడి చేస్తుంది, బ్రూ యూనిట్ దాన్ని నొక్కి పట్టి వేడినీళ్లు పంపిస్తుంది, మిగిలిన పిప్పి బిళ్లలా లోపలి డబ్బాలో పడుతుంది. ఇలాంటివి నేను కొనే ముందు వెతికినప్పుడు సుమారు 40,000 దగ్గర మొదలయ్యాయి, దసరా దీపావళి సేల్‌లో ఇంకాస్త కిందకి దిగుతాయి. పైకి వెళ్తే లక్ష దాటి కూడా ఉన్నాయి కానీ వాటి జోలికి నేను పోలేదు, ఈ పోస్టులో కూడా పోను.

షోరూమ్‌లో మొట్టమొదట చెప్పేది బార్ల లెక్క, అంటే ఒత్తిడి కొలత. 15 బార్, 19 బార్, 20 బార్ అని ఏదో సోనామసూరి బస్తాల మీద కిలోల్లా చదువుతారు. ఎస్ప్రెస్సోకి పొడి మీద కావాల్సింది 9 బార్ల ఒత్తిడి. డబ్బా మీద ఉండేది పంపు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో ఆ అంకె, 15 ఉన్నదానికంటే 20 ఉన్నది మంచి కాఫీ ఇస్తుందని ఏమీ లేదు. ఆ ముక్క విని తలూపేసి అసలు విషయం అడగండి: ఇందులో పాల సంగతేంటి?

ఎందుకంటే మోడల్ మారేకొద్దీ ధర పెరిగేది ఎక్కువగా పాల దగ్గరే. గింజల నుంచి కాఫీ తీసే భాగం ఒకే కంపెనీ చిన్న మోడల్‌లోనూ దానిపై మోడల్‌లోనూ చాలావరకు ఒకలాంటిదే ఉంటుంది. చిన్నదానికి పక్కన ఒక ఆవిరి గొట్టం ఉంటుంది, పాలు మనమే నురగ తీసుకోవాలి. పెద్దదానికి పాల డబ్బా తగిలించి ఒక్క బటన్ నొక్కితే కాపుచినో పడుతుంది. ఈ రెంటికీ మధ్య పది వేలో ఆ పైనో తేడా. ఆ పది వేలు పెట్టాలా వద్దా అన్నది మీ ఇంట్లో పాలు ఎలా వాడతారన్న దాన్ని బట్టి ఉంటుంది, యూట్యూబ్ రివ్యూలు చాలావరకు వేరే దేశాల వంటిళ్లలో తీసినవి కాబట్టి ఈ సంగతి వాటిలో దొరకదు.

మన ఇళ్లలో జరిగేది ఏంటి? పొద్దున ప్యాకెట్ రాగానే కాచేస్తాం. చల్లారాక మీగడ కట్టి ఫ్రిజ్‌లోకి, ఆ మీగడ వారం తర్వాత నెయ్యిలోకి. నురగ బాగా రావాలంటే ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు కావాలి, నేరుగా ప్యాకెట్లోవి అయితే ఇంకా మంచిది. కాచిన పాలు పోస్తే మీగడ తునకలు పాల డబ్బాలోని సన్నటి దారుల్లో ఇరుక్కుంటాయి. సరే, ప్యాకెట్ పాలు పాశ్చురైజ్ చేసినవే కదా, కాఫీ కోసం ఒక ప్యాకెట్ కాచకుండా పెడదాం అనుకున్నా, మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "పచ్చిపాలు పోస్తరా ఎవరైనా" అంది. దాని మీద వాదన పెట్టుకోవడం కంటే మెషిన్ మార్చుకోవడమే సులువు.

ఇంకో చిక్కు వేడి. నురగ పాలని 60, 65 డిగ్రీల దగ్గరే ఆపాలి, అంతకు మించితే నురగ చెడుతుంది, రుచీ మారుతుంది. ఆ లెక్కన ఏ కంపెనీ మెషిన్ కాపుచినో అయినా కప్పులోకి వచ్చేసరికి మన లెక్కలో గోరువెచ్చనే. పొంగిన పాలతో పొగలు కక్కే కాఫీ స్టీలు గ్లాసులో తాగి పెరిగిన నోటికి అది సరిపోదు. "ఏంది బిడ్డా, చల్లగనే ఇచ్చినవ్" అని మా అత్తమ్మ గ్లాసు వెనక్కి తోసేసింది. ఇప్పుడు మేం చేసేదేంటంటే, స్టవ్ మీద పాలు పొంగే టైముకి మెషిన్‌లోంచి 40 మిల్లీలీటర్ల ఎస్ప్రెస్సో రెండుసార్లు తీసి, డికాక్షన్ కలిపినట్టే వేడిపాలలో కలపడం. చక్కెర వేసి ఇస్తే అత్తమ్మ మారు మాట్లాడకుండా తాగుతుంది, ఫిల్టర్ కాఫీ కాదని ఆమెకి తెలుసు కానీ బాగుందనే అంటుంది. మీ ఇంట్లో కూడా ఇలాగే తాగుతారనిపిస్తే ఆ పాల డబ్బా మోడల్ మీకు దండగ, ఆవిరి గొట్టం ఉన్న బేసిక్ మోడల్ చాలు. మా ఇంట్లో ఉన్నది అదే. ఎప్పుడో ఆదివారం మా ఆయనకి కాపుచినో బుద్ధి పుడితే ఆయనే గొట్టం దగ్గర నిలబడి తిప్పలు పడతాడు.

అలా కాకుండా ఇంట్లో ఇద్దరు ముగ్గురు రోజూ కాపుచినో, లాటే అడిగేవాళ్లుంటే పాల డబ్బా మోడలే తీసుకోండి, కానీ కడగడం చూసి తీసుకోండి. ఫిలిప్స్ వాళ్ల లాట్టేగో అనే పాల డబ్బాలో లోపల గొట్టాలు లేవు, రెండు ముక్కలుగా విడిపోతుంది, కుళాయి కింద పెడితే అయిపోతుంది. సన్న గొట్టంతో పాలు పీల్చే రకాలైతే ప్రతిసారీ గొట్టం శుభ్రం చేయాలి. మే నెలలో హైదరాబాద్‌లో పొద్దున మిగిలిన పాల చుక్క సాయంత్రానికి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇక నీళ్లు. మెషిన్ ప్రాణం తీసేది ఇదే. మేముండేది నిజాంపేట వైపు, మంజీరా నీళ్లు వచ్చిన రోజు వస్తాయి, మిగతా రోజులు బోరు, ఎండాకాలం ట్యాంకర్. గీజర్ రాడ్ మీద తెల్లగా గట్టిపడే సున్నం చూసే ఉంటారు, మెషిన్‌లో నీళ్లు వేడయ్యే దారి దానికంటే చాలా సన్నం, అక్కడా అదే పేరుకుంటుంది. కాబట్టి బోరు నీళ్లు పోయొద్దు, ఆర్‌ఓ నీళ్లు పోయండి. టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క) మరీ తక్కువగా ఉంటే కాఫీ చప్పగా అనిపిస్తుంది, ఆర్‌ఓలో టీడీఎస్ సర్దే స్క్రూ ఉంటే మెకానిక్ వచ్చినప్పుడు కాస్త పెంచమనండి. డెలాంగీ లాంటి కొన్ని మెషిన్లతో పాటు నీళ్ల గట్టిదనం చూసే చిన్న కాగితం ముక్క వస్తుంది. దాన్ని మీరు ట్యాంకులో పోసే నీళ్లలోనే ముంచి, వచ్చిన అంకె మెషిన్‌లో సెట్ చేయాలి. ఆ అంకెను బట్టే డీస్కేలింగ్ (పేరుకున్న సున్నం కరిగించి కడగడం) ఎప్పుడు అడగాలో అది లెక్కేసుకుంటుంది, అది వదిలేస్తే ఊరికే ఎర్రలైటు వెలిగి మీ బుర్ర తింటుంది. ఫిలిప్స్ అయితే తన ఆక్వాక్లీన్ ఫిల్టర్‌ని అడిగినప్పుడల్లా మారుస్తూ పోతే 5,000 కప్పుల వరకూ డీస్కేలింగ్ అక్కర్లేదంటుంది, కానీ ఆ లెక్కలో ఎనిమిది సార్లు కొత్త ఫిల్టర్ వేయాలి, దాని ఖర్చు కూడా కలుపుకోండి. ఎలాగూ ఆర్‌ఓ వాడుతుంటే నా దృష్టిలో ఆ ఫిల్టర్ లేకపోయినా నడుస్తుంది. డీస్కేలింగ్‌కి మాత్రం కంపెనీ చెప్పిన ద్రావణమే వాడండి, వెనిగర్ పోయమని ఎవరైనా రీల్‌లో చెప్తే నవ్వి ముందుకు జరపండి.

నేను బేరమాడకుండా పట్టుబట్టేది ఒక్కదాని కోసమే, బ్రూ యూనిట్ చేతికి ఊడి రావాలి. కాఫీ పొడి తడిసి, నొక్కుడు పడేది అక్కడే కాబట్టి జిడ్డు, పిప్పి అన్నీ అక్కడే చేరతాయి. డెలాంగీ, ఫిలిప్స్ మెషిన్లలో అది తీసి కుళాయి కింద కడుక్కోవచ్చు, వారానికోసారి చేస్తే చాలు, సబ్బు వద్దు. జురా లాంటి ఖరీదైన వాటిలో ఊడదు, శుభ్రం చేసే బిళ్లలు వేసి నడిపించాలి. మన వానాకాలానికి నాకు కళ్లతో చూసి కడిగేదే నమ్మకం. పిప్పి డబ్బా కూడా అంతే, జులైలో రెండు రోజులు వదిలేస్తే బూజు పట్టేస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లే ముందు ఆ డబ్బా, కింద ట్రే, నీళ్ల ట్యాంకు అన్నీ ఖాళీ చేసి మూతలు తెరిచి పెట్టి వెళ్లండి. పిప్పి కరివేపాకు కుండీలో వేసుకోవచ్చు, మరీ ఎక్కువ వేయకండి.

రుచి గురించి నిజం మాట్లాడుకుందాం. కెఫేలో ఒక డబుల్ షాట్‌కి 18 గ్రాముల దాకా పొడి వాడతారు, ఈ చిన్న ఆటోమేటిక్‌లలో ఒకసారికి పట్టేది దాదాపు 7 నుంచి 11 గ్రాములే. అందుకే కంపెనీ పెట్టి పంపిన సెట్టింగ్‌లో తాగితే నీళ్లలా ఉందంటారు. స్ట్రెంగ్త్ పూర్తిగా పెంచి, కప్పు పరిమాణం 30, 40 మిల్లీలీటర్లకి తగ్గించి, ఎక్కువ కావాలంటే రెండుసార్లు తీయండి, ఒకేసారి నిండు కప్పు తీయకండి. గ్రైండ్ ఒక్కో మెట్టు సన్నం చేస్తూ వెళ్లండి, అదీ గ్రైండర్ తిరుగుతున్నప్పుడే తిప్పాలి.

గింజల దగ్గర మనవాళ్లకి అరకు అభిమానం ఉంటుంది, నాకూ ఉంది. కానీ లైట్ రోస్ట్ అరకు గింజలు ఈ మెషిన్లలో పులుపు తేలుతాయి, పాలలో కలిపితే ఇంకా తేలిగ్గా అనిపిస్తుంది. మీడియం రోస్ట్ చూడండి, కొంచెం రోబస్టా (ఘాటు ఎక్కువుండే కాఫీ గింజల రకం) కలిసిన బ్లెండ్ అయితే పైన నురగ చిక్కగా వస్తుంది, పాలకి కూడా నిలబడుతుంది. మాన్‌సూన్డ్ మలబార్ కూడా పులుపు తక్కువ, ఒకసారి ప్రయత్నించండి. నూనె తేలి మెరిసే డార్క్ రోస్ట్ మాత్రం వద్దు, గ్రైండర్‌లో అంటుకుని గింజలు కిందకి జారవు. కొన్ని మెషిన్లలో పొడి వేసే దారి కూడా ఉంటుంది, అందులో చికోరీ కలిపిన ఫిల్టర్ పొడి గానీ ఇన్‌స్టంట్ పొడి గానీ వేయకండి, లోపల జిగురు కట్టి కూర్చుంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలకి ఈ మాట ముందే చెప్పండి.

ఖర్చు లెక్క చాలామంది అడుగుతారు. పావుకిలో గింజలు 500 అనుకుంటే, కప్పుకి 10 గ్రాముల చొప్పున 25 కప్పులు, అంటే కప్పుకి 20 రూపాయలు, పాలు విడిగా. రోజూ జూబ్లీహిల్స్ కెఫేలో 250 పెట్టి తాగేవాళ్లకి మెషిన్ డబ్బు త్వరగానే తిరిగొచ్చేస్తుంది. ఇత్తడి ఫిల్టర్‌లో డికాక్షన్ వేసుకునేవాళ్లకి మాత్రం ఈ జన్మలో గిట్టుబాటు కాదు, సౌకర్యానికే డబ్బు పెడుతున్నామని తెలిసి కొనుక్కోవాలి. ముందే పొడి నింపిన చిన్న డబ్బీలతో నడిచే క్యాప్సూల్ మెషిన్ చవకే కానీ ఒక్కో క్యాప్సూల్ ధర చూస్తే ఇరానీ హోటల్‌కి నడిచి వెళ్లి చాయ్ తాగి రావడం మేలనిపిస్తుంది.

ప్లగ్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఇవి 1,450, 1,500 వాట్లు లాగుతాయి, 230 వోల్టుల మీద అంటే 6 ఆంపియర్లు దాటుతుంది, మిక్సీ పెట్టే చిన్న సాకెట్ కాదు, 16 ఆంపియర్ల పవర్ సాకెట్ కావాలి. ఇంకొకటి, మరిదిగారు అమెరికా నుంచి వస్తూ తెస్తానంటే ప్రేమగా వద్దనండి. అక్కడివి 120 వోల్టులు, 60 హెర్ట్జ్, మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు మారతాయి గానీ హెర్ట్జ్ మారదు, పంపు ఆ హెర్ట్జ్ మీదే కొట్టుకుంటుంది. దుబాయ్‌ది కరెంటుకి సరిపోతుంది కానీ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో రాతలో చూసుకోండి. ఇక్కడ కొన్నా సరే, డబ్బు కట్టే ముందు కంపెనీ నంబర్‌కి ఫోన్ చేసి, మీ పిన్‌కోడ్ చెప్పి, మనిషి ఇంటికొస్తాడా లేక మెషిన్ ప్యాక్ చేసి పంపాలా అని అడగండి.

బడ్జెట్ ఇంకా తక్కువైతే సెకండ్ హ్యాండ్ చూడొచ్చు. విదేశాలకి వెళ్లిపోతూ ఇల్లు ఖాళీ చేసేవాళ్లు కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఎప్పుడూ ఉంటారు, ధర సగానికి కూడా దిగుతుంది. వెళ్లినప్పుడు కాఫీ తాగి మురిసిపోకుండా, బ్రూ యూనిట్ బయటికి తీసి చూపించమని అడగండి. "అది ఊడుతుందా?" అని ఆయన మిమ్మల్నే అడిగితే, కాఫీకి థాంక్స్ చెప్పి వచ్చేయండి.