పాత అంబాసిడర్‌లో ఏసీ పెట్రోల్ పంపు: పాడైందని తేల్చుకోవడం, బాగు చేసుకోవడం

ఏసీ పంపు అంటే చల్లదనానికి పెట్టేది కాదు, ట్యాంకు నుంచి కార్బొరేటర్‌కి పెట్రోల్ తోడే ఏసీ కంపెనీ రకం పంపు. పెట్రోల్ అంబాసిడర్ ఎండలో బాగా నడిచి, ఆపాక మళ్ళీ స్టార్ట్ కాకపోతే వెంటనే కొత్త పంపు కొనకండి. ఇంజిన్ వేడికి పంపులో, పైపుల్లో పెట్రోల్ ఆవిరై బుడగలు కడుతుంది. పంపు మీద తడిగుడ్డ కప్పి పది నిమిషాలు ఆగండి. స్టార్ట్ అయిందంటే తప్పు వేడిది. నీళ్ళు మాత్రం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడనివ్వకండి, పోత ఇనుము పగులుతుంది.

చల్లటి బండిలో కూడా పెట్రోల్ రాకపోతే ముందు ట్యాంకు మూత తీసి చూడండి. మూతకున్న గాలి రంధ్రం మూసుకుంటే పంపు ఎంత లాగినా పెట్రోల్ కదలదు.

తర్వాత ఇగ్నిషన్ కాయిల్‌కి వచ్చే స్విచ్ వైరు తీసేయండి, నిప్పురవ్వ రాకూడదు. కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోల్ చిమ్ముతూ చిమ్ముతూ పడాలి. బుడగలతో పడుతుంటే ట్యాంకుకీ పంపుకీ మధ్య ఎక్కడో గాలి లాగుతోందన్నమాట. రబ్బరు గొట్టాన్ని వంచి చూస్తే పగుళ్ళు కనిపిస్తాయి. పంపు మూత కింద ప్యాకింగ్ ఎండిపోయినా ఇంతే.

అసలేమీ రాకపోతే పంపుకున్న చేతి లివరు కొట్టి చూడండి. లివరు వదులుగా ఆడినంత మాత్రాన పంపు పోయినట్టు కాదు. పంపుని నడిపే క్యామ్ (ఇంజిన్‌లో తిరిగే షాఫ్టు మీది ఉబ్బు) ఎత్తు మీద ఆగితే డయాఫ్రమ్ (పెట్రోల్ తోడే పలచటి పొర) అప్పటికే కిందికి దిగి ఉంటుంది. ఇంజిన్‌ని ఒక చుట్టు తిప్పి మళ్ళీ కొట్టండి. చేత్తో కొడితే వచ్చి, సెల్ఫ్‌కి రాకపోతే రాకర్ ఆర్మ్ (క్యామ్ నెట్టే పంపు చెయ్యి) అరిగింది, లేదా బ్లాక్‌కీ పంపుకీ మధ్య మందపాటి ప్యాకింగ్ వేశారు. ప్యాకింగ్ మందం పెరిగితే స్ట్రోకు, అంటే ఆర్మ్ కదిలే దూరం, తగ్గుతుంది.

అన్నిటికంటే భయపడాల్సింది చిరిగిన డయాఫ్రమ్‌కి. పెట్రోల్ నేరుగా ఇంజిన్ అడుగున నూనె ఉండే చాంబర్‌లోకి దిగుతుంది, బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది. నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూడండి: మట్టం పెరిగి, నూనె పలచబడి, పెట్రోల్ వాసన వస్తుంటే ఇక బండి కదపకండి. ఆ నూనెతో నడిపితే బేరింగులు పోతాయి. డయాఫ్రమ్ మార్చిన రోజే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ కూడా మార్చాలి.

పంపు రిపేరు కిట్ కొనేటప్పుడు ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు అడిగి తీసుకోండి. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌లో పాత రకం రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. విప్పే ముందు పంపు రెండు భాగాల అంచు మీద ఆకురాయితో ఒక గీత పెట్టుకోండి, లేదంటే పైపుల దిక్కు మారిపోతుంది. వాల్వులు రెండూ ఒకేలా ఉంటాయి గానీ ఒకటి పైకి, ఒకటి కిందికి తిరిగి ఉంటాయి. అవి తారుమారైతే పంపు చుక్క కూడా తోడదు. డయాఫ్రమ్‌ని నొక్కి పావు చుట్టు తిప్పితే కొక్కెంలో పడుతుంది. స్క్రూలు వదులుగా ఎక్కించి, రాకర్ ఆర్మ్‌ని పూర్తిగా నొక్కి పట్టుకుని, ఎదురెదురుగా బిగించండి. ఆర్మ్ నొక్కకుండా బిగిస్తే డయాఫ్రమ్ బిగుసుకుపోయి, మొదటి స్ట్రోకు నుంచే అంచు దగ్గర సాగుతుంది. కొద్ది రోజుల్లోనే అక్కడే చిరుగుతుంది.

బండికి ఎక్కించే ముందు లోపలికి లాగే రంధ్రానికి వేలు అడ్డం పెట్టి ఆర్మ్ కొట్టండి. వేలిని లాగి, కొన్ని సెకన్లు అలాగే పట్టి ఉంచాలి.