ఒకటో తారీకున కోనసీమలో

గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో దించేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. 2025 జూన్ 30, సోమవారం. ఎప్పుడూ సంక్రాంతికి మా ఆవిడ, పిల్లలు, నాలుగు బ్యాగులతో దిగే స్టేషన్లో ఈసారి ఒక్కణ్ణే, అదీ ఏ పండగా లేని రోజున. కారణం చెప్తే నవ్వుతారు. మా ఆఫీసులో భోజనాల దగ్గర ప్రభుత్వ పథకాల డబ్బుల మీద రోజూ ఒకటే వాదన, ఊళ్లో జనాన్ని సోమరుల్ని చేసేశారని. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అదే మాట ఫోన్లో మా బామ్మర్ది దగ్గర అంటే, "ఓసారి ఒకటో తారీకుకి రండి బావగారూ, చూశాక మాట్లాడుకుందాం" అన్నాడు. సరే, నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చేశాను.

రావులపాలెం బస్సు ఎక్కాను. కడియపులంక నర్సరీలు, జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన, అవతల అరటి గెలల లారీలు. కోనసీమ అందాల గురించి రాయను, దాన్ని రాయని వాళ్లు లేరు. కాలవలకి నీళ్లొదిలి నెల అవుతోంది, వరి నారు పోసిన ఆకుమళ్లు పచ్చగా ఉన్నాయి, అది చాలు. మా అత్తగారి ఊరు ముక్తేశ్వరం నుంచి లోపలికి, ఏటిగట్టుకి ఆనుకుని ఉంటుంది. పేరు చెప్పను, చిన్న ఊరు, చెప్తే ఎవరి గురించి రాశానో అందరికీ తెలిసిపోతుంది.

సాయంత్రం బామ్మర్ది నన్ను నేరుగా కిరాణా కొట్టుకి తీసుకెళ్లాడు. కొట్టాయన పద్దు పుస్తకం తెరిచి చూపించాడు. పొడుగాటి పుస్తకం, పేజీకొక ఇల్లు. కొన్ని పేజీల మీద మూలన చిన్న గుండ్రం గీసి ఉంది. ఏంటవి అంటే పెన్షన్ ఇళ్లట.

"నాలుగు వేల దాకా కళ్లు మూసుకుని ఇచ్చేస్తానండి వీళ్లకి. ఒకటో తారీకు మధ్యాహ్నానికల్లా వచ్చి తీర్చేస్తారు. కువైట్లో ఆడపిల్ల ఉన్న ఇళ్లు కూడా అంతే, నెల నెలా పంపిస్తారు కాబట్టి."

మరి రైతు డబ్బులు వచ్చే ఇళ్లకి?

"ఆయ్, వాటిని నమ్మి ఎలా ఇస్తామండీ. ఎప్పుడు పడతాయో పడేదాకా తెలీదు కదా."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి దోమలు ఒక కారణం, ఈ మాట ఇంకో కారణం. ఎంత ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు, ఎవరు ఇస్తున్నారు అని ఇన్నేళ్లు వాదించుకున్నాం గానీ ఏ తారీకున ఇస్తున్నారు అని మాలో ఎవరం అడగలేదు. నెల జీతం తీసుకునేవాళ్లం కదా, తారీకు సంగతి మాకు గుర్తుకే రాదు. ఒకటో తారీకు జీతం మూడో తారీకున పడితే మాత్రం హెచ్ఆర్ వాళ్లకి ఎన్ని మెయిల్స్ పెడతామో.

తెల్లారి ఏడింటికల్లా పెన్షన్లు పంచడానికి గ్రామ సచివాలయం అమ్మాయి వచ్చేసింది. భుజానికి బ్యాగు, చేతిలో ఫోను, వేలిముద్రల మెషీను. ఎదురింటి మామ్మ అప్పటికే తలకి నూనె రాసుకుని దువ్వుకుని అరుగు మీద కూర్చుంది, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు. మామ్మకి ఎనభై దాటాయి. పీచు ఫ్యాక్టరీలో, ఊడ్పుల్లో అరిగిన వేళ్లు, మెషీను ఒప్పుకోదు. ఒక వేలు, ఇంకో వేలు, చీర చెంగుతో తుడిచి మళ్లీ. చివరికి ఫోన్ కెమెరా మొహానికి పెట్టి ఎలాగో అయిందనిపించింది ఆ పిల్ల. ఎనిమిది ఐదొందల నోట్లు. మామ్మ రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

"మా అత్తకి డెబ్బై ఐదు రూపాయలు వచ్చేది నాయనా, దాని కోసం పొద్దున్నించీ కూర్చోబెట్టేవాళ్లు" అంది. ఆవిడ చెప్పిన లెక్క సరైనదే, 1995లో కేంద్రం వృద్ధాప్య పెన్షన్ మొదలుపెట్టినప్పుడు నెలకి 75 రూపాయలే. ఇక్కడ 2014లో వెయ్యి అయింది, 2019లో రెండు వేలు, తర్వాత మెల్లగా మూడు వేలు, 2024 జూలై ఒకటిన నాలుగు వేలు. ఆ జూలైలో ఏప్రిల్ నుంచి బాకీతో కలిపి ఒక్కసారే ఏడు వేలు చేతిలో పెట్టారట. ఆ నెల గురించి మామ్మ ఇప్పటికీ కథలా చెప్తుంది.

ఇంకో కథ కూడా చెప్పింది, అది అంత బాగుండదు. 2024 ఎన్నికలప్పుడు, అంతకుముందు ఇంటింటికీ తెచ్చిచ్చే వాలంటీర్లతో పెన్షన్ పంచకూడదన్నారు కదా, ఏప్రిల్లో సచివాలయం దగ్గరికి రమ్మన్నారు, మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేసేశారు. మామ్మకి ఖాతా ఉందని మామ్మకే తెలీదు. ఎప్పుడో గ్యాస్ కోసమో దేనికోసమో తెరిచినది. మనవడు బండి మీద తీసుకెళ్తే ఎండలో రెండు రోజులు తిరిగారట, మొదటి రోజు ఖాతా పనిచేయడం లేదన్నారు, రెండో రోజు లైన్లో కళ్లు తిరిగి పడిపోయింది. మధ్యలో మనిషే లేకుండా డబ్బు నేరుగా ఖాతాలోకి వెళ్తే అదే గొప్ప పద్ధతి అని మేం పుస్తకాల్లో చదువుకున్న లెక్క. మామ్మ లెక్కలో గుమ్మం దాకా వచ్చిందే నేరుగా వచ్చిన డబ్బు.

ఆ నాలుగు వేలు ఏమయ్యాయో నేను కూర్చుని చూశాను, సిగ్గు లేకుండా. పదకొండు వందలు కొట్టు పద్దుకి పోయింది. బీపీ, షుగర్ బిళ్లలకి ఆరొందలు పక్కన పెట్టింది. మనవడి ఫోన్ రీఛార్జికి మూడొందలు, వాడు అడగకముందే. కోడలికి వెయ్యి ఇచ్చింది, ఇచ్చేటప్పుడు కోడలు వచ్చి పక్కన కూర్చుని "అత్తా, టీ తాగావా" అని అడిగింది. మా బామ్మర్ది నన్ను మోచేత్తో పొడిచాడు. ఆ టీకి ఖరీదు కట్టడం నాకు ఇష్టం లేదు గానీ, పెన్షన్ లేని ముసలివాళ్లు ఆ ఊళ్లో ఎలా ఉన్నారో అదే వీధిలో ఇంకో ఇంట్లో చూశాను కాబట్టి చెప్తున్నాను.

మందు సంగతి అడుగుతారని తెలుసు. అవును, సాయంత్రం వైన్ షాపు దగ్గర మామూలుకంటే జనం ఉన్నారు. పెన్షన్ తీసుకున్న ఇద్దరు పెద్దాయనల్ని నేనే చూశాను. అయితే ఆ పక్కనే కొబ్బరి ఒలుపు కూలీలు కూడా ఉన్నారు, వాళ్లు కష్టార్జితంతోనే తాగుతున్నారు, వాళ్లనెవరూ ఏమీ అనరు. దీని మీద నాకింతకంటే చెప్పేది లేదు.

మధ్యాహ్నం బామ్మర్ది భార్య, నాకు చెల్లెలి వరస, వాళ్ల డ్వాక్రా గ్రూపు ఆవిణ్ణి ఇంటికి పిలిచింది. భర్త ఆటో తోలతాడు, ఇద్దరు పిల్లలు. జూన్లో తల్లికి వందనం కింద, అంటే బడికెళ్లే పిల్లల తల్లులకిచ్చే పథకం కింద, ఒక్కొక్కరికి పదమూడు వేల చొప్పున ఇరవై ఆరు వేలు పడ్డాయి. ఇదివరకటి ప్రభుత్వం ఇలాగే ఇచ్చిన అమ్మ ఒడిలో తల్లికి ఒక్క బిడ్డ లెక్కనే ఇచ్చేవారు. ఎంత పెరిగిందో మాట్లాడుతుందనుకుంటే ఆవిడ తారీకు దగ్గరే మొదలుపెట్టింది.

"మొదటి రెండేళ్లు జనవరిలో ఇచ్చారన్నయ్యగారూ. జూన్లో ఫీజు కట్టడానికి దుద్దులు తాకట్టు పెట్టేదాన్ని, ఆరేడు నెలలు వడ్డీ కట్టి సంక్రాంతికి విడిపించుకునేదాన్ని. తర్వాత జూన్ ఆఖరికి మార్చారు. నిరుడు అసలు పడలేదు. ఈసారి బళ్లు తెరిచిన రోజే మెసేజ్ వచ్చింది." చెవులు చూపించింది. "ఈ జూన్లో ఇవి చెవులకే ఉన్నాయి."

బళ్లు జూన్ 12న తెరిచారు, డబ్బు వేయడం మొదలుపెట్టిందీ 12నే. అదే పదమూడు వేలు సంక్రాంతికి ఇచ్చి ఉంటే అందులో కొంత తాకట్టు కొట్టు వడ్డీకి పోయేది. ఇంకో మాట కూడా అంది, గొంతు తగ్గించి. డబ్బు తన పేరున పడుతుంది కాబట్టి ఆయన అడిగి తీసుకుంటున్నాడట. "ఇదివరకు అడిగేవాడు కాదు, చెప్పేవాడు."

అందరికీ ఇంత చక్కగా జరగలేదు. పక్క వీధిలో ఒకావిడకి డబ్బు పడిందని కంప్యూటర్ చెప్తోంది, ఖాతాలో మాత్రం లేదు. రెండు వారాలు తిరిగాక తేలిందేంటంటే ఆవిడ ఆధార్‌కి చివరగా లింకయినది పెళ్లికి ముందు పుట్టింటి దగ్గర తెరిచిన ఖాతా. డబ్బు వెళ్లేది ఆ లింకున్న ఖాతాకే. ఎన్‌పీసీఐ లింకు అంటారు దాన్ని, చదువు రాని వాళ్లు కూడా ఆ నాలుగక్షరాలు గడగడా పలుకుతున్నారు ఇప్పుడు. తీరా వెళ్తే ఆ ఖాతాలో పాత చార్జీలన్నీ కోసుకుని మిగతాది ఇచ్చారట. ఇంకొకాయనకి అసలు రాలేదు, నెలకి 300 యూనిట్ల కరెంటు దాటిందని. రెండు గదుల ఇల్లు, ఒక ఫ్యాను, ఒక టీవీ. వెనకెప్పుడో అద్దెకున్న ఇంటి మీటరు ఈయన ఆధార్ మీదే ఉండిపోయింది. ఇద్దరూ అర్జీలు పెట్టారు. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఎవర్ని తిట్టాలో తెలీడం లేదని.

ఇక నా సొంత ఇంటి సంగతి. దీన్ని రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

మా మావయ్యగారికి రెండెకరాలుంది. మోకాళ్ల నొప్పులొచ్చాక పదేళ్లుగా కౌలుకిచ్చారు. సార్వా, దాళ్వా, అంటే వానాకాలం, ఎండాకాలం వరి పంటలు, రెండూ కలిపి ఎకరానికి పాతిక బస్తాలు మక్తా, అంటే కౌలు. 75 కిలోల బస్తా నిరుటి మద్దతు ధరకి 1,725 రూపాయలు, అంటే యాభై బస్తాలకి 86 వేల పైచిలుకు. వర్షమొచ్చినా వరదొచ్చినా అది ఇవ్వాల్సిందే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు చేలో నీళ్లు రోజుల తరబడి తియ్యలేదు, ఆ ఏడాది మావయ్యగారు పది బస్తాలు తగ్గించారు, అది ఆయన మంచితనంగా ఊరంతా చెప్పుకున్నారు.

కేంద్రం ఏడాదికిచ్చే పీఎం కిసాన్ ఆరు వేలు వస్తున్నది మావయ్యగారికి. అది పట్టాదారు పేరు చూసి పడేది, నాగలి పట్టినవాణ్ణి చూసి కాదు. రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవలో కౌలు రైతుకి వాటా ఉంది గానీ దానికి కార్డు కావాలి, 2019 చట్టం ప్రకారం పదకొండు నెలల కార్డు, దాని మీద యజమాని సంతకం పెట్టాలి.

ఆ సాయంత్రం కౌలు రైతు వచ్చాడు. చావిట్లోకి రాలేదు, మెట్ల దగ్గరే నిలబడ్డాడు. సంచిలో కాగితం ఉంది, తీయకుండానే మాట్లాడుతున్నాడు. "అయ్యగారూ, ఆ కార్డు సంగతి..." అన్నాడు. మావయ్యగారు "చూద్దాంలేరా, ఆకుమడి ఎలా ఉంది" అన్నారు. ఆకుమడి బాగుందన్నాడు. నావైపు తిరిగి "అల్లుడుగారండి, ఎప్పుడొచ్చారు" అన్నాడు. కాసేపు వర్షాల గురించి మాట్లాడుకున్నాం. వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక నేను అడిగాను, పదకొండు నెలల కాగితానికి భయమెందుకు, చట్టంలోనే ఉంది కదా దానివల్ల భూమి మీద హక్కు రాదని. మావయ్యగారు నావైపు చూడలేదు. "మీ ఆవిడకి రాసిద్దామనుకుంటున్న చేనండీ అది" అన్నారు. అంతే, నేను నోరు మూసుకున్నాను. పథకాల డబ్బులు తిని సోమరులవుతున్నారని ఆఫీసులో అన్నది నేనే కదా, మా ఇంట్లో చెయ్యి మట్టి కాకుండా రైతు డబ్బు తీసుకుంటున్నది ఎవరో అప్పటిదాకా ఆలోచించలేదు.

మూడో తారీకు పొద్దున్న బామ్మర్ది ముక్తేశ్వరం రేవులో దింపాడు. పంటి మీద, అంటే బళ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే పడవ మీద, కోటిపల్లి దాటి, అక్కణ్ణుంచి కాకినాడ వెళ్లి రైలెక్కాలి. ఏరు అప్పటికింకా ఎర్రబడలేదు. పంటి మీద బైకులు, ఒక కూరగాయల ఆటో, ఇద్దరు ఆడవాళ్లు గ్యాస్ సబ్సిడీ పడిందా లేదా అని ఫోన్లు చూసుకుంటున్నారు. దేశంలో ఈ నగదు బదిలీని 2013 జనవరిలో మొదలుపెట్టినప్పుడు ఇక్కడి ప్రారంభ సభ జరిగింది కాకినాడకి కాస్త అవతల గొల్లప్రోలులోనే. అక్కడి రైతులకి దీనిమీద ఏదైనా పెద్దరికం ఉంటుందా అని పిచ్చి ఆలోచన వచ్చింది, రైలు టైమైపోతోందని వెళ్లలేదు.

ఆగస్టు 2న మధ్యాహ్నం బామ్మర్ది ఫోన్ చేశాడు. "నాన్నకి ఏడు వేలు పడ్డాయి బావగారూ. అన్నదాత సుఖీభవ ఐదు, కేంద్రానివి రెండు."

"కార్డు మీద సంతకం పెట్టారా?"

"ఊడ్పులు అయిపోయాయిగా" అన్నాడు. కాసేపాగి, "అక్కని ఓసారి మాట్లాడమనండి నాన్నతో" అన్నాడు.

మా ఆవిడ పక్కనే ఉంది. ఫోన్ స్పీకర్లో పెట్టాను.